చూపు కలిశాకే మాట

పది నెలల పాప నేల మీద కూర్చుని ఎర్ర బంతిని చూస్తోంది. పక్కనే కందిపప్పులో రాళ్ళు ఏరుతున్న తల్లి తల ఎత్తకుండానే "బంతి అమ్మా, బంతి! ఎర్ర బంతి" అంటుంది. పాప తల తిప్పాల్సిన అవసరం లేదు. కళ్ళు బంతి మీద ఉన్నాయి, పేరు చెవిలో పడింది, రెండూ ఒకే క్షణంలో అతుక్కున్నాయి. ఇలా రోజూ ఎన్నిసార్లు జరుగుతుందో తల్లీ లెక్కపెట్టదు, పాపా లెక్కపెట్టదు. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పకుండానే ఏడాది తిరిగేసరికి పిల్లలకు మాటలు రావడం వెనక ఉన్న రహస్యంలో సగం ఇదే.

అదే పాపకు పుట్టుకతో వినపడదనుకుందాం. తల్లి ఏదైనా చెప్పాలంటే పాప ఆమె ముఖమో, చేతులో చూడాలి. అటు చూస్తే బంతి పోతుంది. బంతిని చూస్తే తల్లి పోతుంది. వినే పిల్లలు కళ్ళకీ చెవులకీ పంచి పెట్టే పనిని ఈ పాప ఒక్క కళ్ళతోనే, ఒకదాని తరవాత ఒకటిగా చెయ్యాలి. ముందు బంతి, తరవాత అమ్మ, మళ్ళీ బంతి. తల్లి పప్పులోంచి తల ఎత్తకుండా అన్న మాట గాలిలో కలిసిపోతుంది.

పిల్లలకు వినపడదని తెలియగానే మనం అడిగే మొదటి ప్రశ్న, లోపం ఎన్ని డెసిబెల్స్ అని. ఆడియాలజిస్టుకు ఆ అంకె కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ పిల్లకు భాష వస్తుందా రాదా అనేది చాలావరకు ఇంట్లో, ఇంకో ప్రశ్న దగ్గర తేలుతుంది: ఎవరు ఎవరి చూపు కోసం ఆగుతున్నారు?

ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురి వరకు శాశ్వతమైన వినికిడి లోపంతో పుడతారు. వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా తల్లిదండ్రులు చక్కగా వినగలిగినవాళ్ళే. మిగతా పది శాతం బధిరుల ఇళ్ళలో పుడతారని చాలాకాలం చెప్పుకునేవారు. అమెరికాలో రాస్ మిచెల్, మైకేల్ కార్చ్‌మర్ 2004లో పాత సర్వేలు తిరగేసి చూస్తే ఆ పది కూడా ఎక్కువేనని తేలింది. అంటే ఇలాంటి పాప పుట్టిన ఇళ్ళలో అత్యధిక భాగం, అంతకు ముందు వినపడని మనిషితో పది నిమిషాలు మాట్లాడి ఉండని ఇళ్ళు. బధిర తల్లిదండ్రుల ఇళ్ళు బహు కొద్ది. ఆ కొద్ది ఇళ్ళే పరిశోధకులకు పెద్ద వరమయ్యాయి. రెండు రకాల ఇళ్ళలోనూ పిల్లల చెవులు ఒకటే. చుట్టూ ఉన్న మనుషులు వేరు.

బధిర తల్లులు తమ పిల్లలతో ఎలా మాట్లాడతారో 1980ల నుంచి వీడియోలు తీసి, ఆపి ఆపి చూశారు. ఇంగ్లండులో మార్గరెట్ హారిస్, వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా స్పెన్సర్, కాథ్రిన్ మెడో-ఓర్లాన్స్, లిన్ కెస్టర్ ఈ పనిలో ముందున్నవాళ్ళు. వీళ్ళకు కనిపించిన మొదటి సంగతి ఎవరూ ఊహించనిది. ఈ తల్లులు ఎడతెగకుండా సైగలు చెయ్యరు. వినే తల్లి వినే బిడ్డతో వాగినంతలో కొద్ది భాగమే వాళ్ళు "మాట్లాడతారు". ఎక్కువ సేపు ఆగుతారు. బిడ్డ బొమ్మను తనివితీరా చూసి తల ఎత్తేదాకా ఆగి, ఎత్తగానే కళ్ళు పెద్దవి చేసి, నవ్వి, ఒకటో రెండో సైగలు చేసి ఊరుకుంటారు. అమ్మ వైపు చూస్తే ఏదో బాగుంటుందని బిడ్డకు అలవాటవుతుంది.

ఆగడం ఒక్కటే కాదు. బిడ్డ కాలి మీద మెల్లగా తడతారు. చూపు అంచున చెయ్యి ఊపుతారు. నేలను చరుస్తారు, ఆ అదురు ఒంటికి తెలుస్తుంది. బిడ్డ తల ఎత్తకపోతే చేతులనే బిడ్డ చూపులోకి తీసుకెళతారు. వెనక నుంచి వంగి బొమ్మ పక్కనే సైగ చేస్తారు, పుస్తకమైతే బొమ్మ మీదే చేస్తారు, ఒక్కోసారి బిడ్డ బుగ్గ మీదో పొట్ట మీదో చేస్తారు. బంతిని చూపించి, "బంతి" అని సైగ చేసి, మళ్ళీ బంతిని చూపిస్తారు. ఇదంతా వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. అడిగితే తాము ప్రత్యేకంగా ఏమీ చెయ్యడం లేదనే అనుకుంటారు, వినే తల్లి తన గొంతు సాగదీసి ముద్దు చేస్తున్నానని గమనించనట్టే.

ఆ ముద్దు మాటలు చేతుల్లో కూడా ఉన్నాయని 1992లో జపాన్‌లో నోబువో మసటాకా చూపించాడు. బధిర తల్లులు పెద్దవాళ్ళతో చేసే సైగల కంటే పసివాళ్ళతో చేసేవి నెమ్మదిగా, పెద్దగా ఉన్నాయి, ఒకే సైగ మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఆయన తరవాత ఇంకో అడుగు వేశాడు. సైగల భాషను జన్మలో చూడని, చక్కగా వినపడే ఆరు నెలల పిల్లలకు రెండు రకాల వీడియోలూ చూపించాడు. వాళ్ళు కూడా ముద్దు సైగల వైపే ఎక్కువ సేపు చూశారు.

ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు రెండు మూడేళ్ళకు ఏం చేస్తున్నారో ఎమీ లీబర్మన్ బృందం 2014లో రాసింది. అమ్మతో పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఈ పిల్లలు పేజీ నుంచి అమ్మకు, అమ్మ నుంచి పేజీకి చూపు తిప్పుతూనే ఉంటారు, అదీ ఊరికే కాదు, అమ్మ ఏదో చెప్పబోతోందన్న సరైన అదనులో. ఏడాదిన్నర ముందు తల్లి కాలి మీద తట్టి తట్టి చేసిన పని ఇప్పుడు పిల్ల తనంతట తానే చేస్తోంది.

చేతులతో అత్తత్తలు చెప్పడం కూడా ఉంటుంది. వినే పిల్లలు ఏడెనిమిది నెలలకు బబ్బబ్బ, తత్తత్త అంటారు కదా. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో లారా ఆన్ పెటిటో, పౌలా మారెంటెట్ బధిరుల ఇళ్ళలో పుట్టిన ఇద్దరు బధిర శిశువులను, వినే ముగ్గురు శిశువులను పోల్చి 1991లో "సైన్స్" పత్రికలో రాశారు. సైగలు చూస్తూ పెరిగిన పిల్లలు, అర్థం లేకుండానే, సైగల భాషలో వాడే చేతి ఆకారాలను వరసగా తిప్పి తిప్పి చేస్తున్నారు. పదేళ్ళ తరవాత పెటిటో మరో చక్కని పరీక్ష చేసింది. ఈసారి తీసుకున్నది వినపడే పిల్లలనే, కానీ వాళ్ళలో కొందరి అమ్మానాన్నలు బధిరులు. చేతి కదలికలను పరికరంతో కొలిస్తే, పిల్లలందరూ మామూలుగా సెకనుకు రెండున్నరసార్లు చేతులు ఆడిస్తున్నారు. బధిరుల ఇళ్ళ పిల్లల చేతుల్లో మాత్రం దానితోపాటు ఇంకో లయ ఉంది, సెకనుకు సుమారు ఒకసారి. భాష చెవిలోంచి వచ్చినా కంట్లోంచి వచ్చినా పసి మెదడు దాని నడకను పట్టుకుంటోంది.

మరి మిగతా తొంభై పైచిలుకు ఇళ్ళలో?

అక్కడ మొదట జరిగేది మోసపోవడం. వినపడని శిశువు కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది, ఉంగా ఉంగా అంటుంది, కిలకిలా నవ్వుతుంది. బబ్బబ్బ అనే దగ్గరే తేడా బయటపడుతుంది. వినే పిల్లలు పది నెలల లోపు ఆ దశకు వస్తే, వినపడని పిల్లలు 11 నుంచి 25 నెలల మధ్య ఎప్పుడో వస్తున్నారని ఓలర్, ఐలర్స్ 1988లో తేల్చారు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వచ్చినా వెనక నుంచి కంచం మీద గరిటెతో కొట్టి చూస్తారు. గాలి కదిలి, నేల అదిరి, నీడ పడి పాప తల తిప్పుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కొందరు పిల్లలకు మాటలు ఆలస్యమని ఒకరు, వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకు గానీ రాలేదని ఇంకొకరు అంటారు. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తారు. ఎక్కువ మాట్లాడేవాళ్ళను వసపిట్ట అనే మన జనానికి ఆ కొమ్ము మీద గట్టి నమ్మకం. పాపకు రెండేళ్ళు దాటతాయి.

ఈ రెండేళ్ళు పోకుండా చూసే మార్గం 1978లోనే మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి శబ్దం వినడమే కాక తానూ అతి చిన్న శబ్దం చేస్తుందని ఆ ఏడాది డేవిడ్ కెంప్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. దాని మీద ఆధారపడిన ఓఏఈ పరీక్షను నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేస్తారు. అందులో అనుమానం వస్తే, లేదా వినికిడి నరం సంగతి తెలియాలంటే బేరా పరీక్ష. నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సాయం మొదలు: ఈ 1-3-6 సూత్రాన్ని చాలా దేశాలు పాటిస్తున్నాయి. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు చెవుడు ఉంది, కానీ ప్రతి ప్రసూతి వార్డులోనూ ఈ పరీక్ష ఇంకా మామూలు కాలేదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న తెలుగు నేల మీద దీని అవసరం ఇంకా ఎక్కువ. వినికిడి ఉన్న ఇద్దరు తల్లిదండ్రులూ ఒకే జన్యులోపాన్ని చెరో ప్రతిగా మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వినపడకపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గరి బంధువుల మధ్య అలా కలిసే అవకాశం పెరుగుతుంది. అంతవరకే. "మీ వైపా, మా వైపా" అనే తగవుకు ఈ లెక్కలో చోటు లేదు. లోపం రెండు వైపుల నుంచీ వస్తేనే అలా జరుగుతుంది.

ఆరు నెలలు అనే గీత ఊహించి గీసింది కాదు. కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో 150 మంది పిల్లలను చూసి 1998లో చెప్పిన సంగతి. ఆరు నెలల లోపు లోపం తెలిసి సాయం అందిన పిల్లల భాష, ఆలస్యంగా తెలిసినవాళ్ళ భాష కంటే స్పష్టంగా ముందుంది. లోపం కొద్దిగా ఉన్నా, పూర్తిగా ఉన్నా, ఇంట్లో నోటి మాటే వాడినా, సైగలు కలిపినా ఆ తేడా అలాగే నిలిచింది.

నిర్ధారణ అయ్యాక తల్లికి జరిగేదాన్ని పరిశోధన పత్రాలు పొడిపొడి మాటల్లో రాస్తాయి: ఆమె "నిర్దేశాత్మకంగా" మారుతుంది. ఇంట్లో అది ఇలా ఉంటుంది. పాప గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటుంది. చేతిలో బొమ్మ లాక్కుని ముఖం ముందు పెట్టి "బొమ్మ అను, బొ-మ్మ" అంటుంది. పాప ముఖం తిప్పుకుంటుంది. తల్లి ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా ప్రయత్నిస్తుంది. ఆట పాఠమైపోయింది, పాపకు అమ్మ ముఖం పరీక్ష హాలైపోయింది. తల్లిని తప్పుపట్టడం తేలిక, నేను పట్టను. నెలకోసారి కనిపించే నిపుణుడు "బాగా మాట్లాడించండి" అని పంపిస్తే, భయపడ్డ మనిషి చేసే పని అదే. ఆమెలో లేనిదేమీ లేదు. తారంగం ఆడించడం, చందమామను చూపించి చేత్తో పిలవడం, చేతులు తిప్పి అయిపోయింది అనడం, బూచాట ఆడటం ఆమెకు ముందే వచ్చు. నిర్ధారణ కాగితం వచ్చిన రోజున అవి పనికిరానివనుకుని పక్కన పెట్టేసింది. వాటిని తిరిగి ఇప్పించడమే తొలి సాయంలో పెద్ద పని: పిల్ల చూసేదాన్నే నువ్వూ చూడు, చూపు ఎత్తేదాకా ఆగు, ఎత్తగానే చెప్పు, చెప్పాక దాని వంతు దానికి వదిలెయ్యి.

మిషన్ పెడితే ఈ గొడవంతా ఎందుకని అడగవచ్చు. చెవి మిషన్లు, కాక్లియర్ ఇంప్లాంట్లు నిజంగానే ఎన్నో ఇళ్ళను మార్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీలో ఇంప్లాంట్ చేరాక కూలీ కుటుంబాల పిల్లలకూ ఆపరేషన్ అందింది. కానీ ఇంప్లాంట్ పెట్టుకున్న పిల్లల మీదే జరిగిన పెద్ద అధ్యయనం మళ్ళీ ఇంటి గుమ్మంలోకే తీసుకొస్తుంది. అమెరికాలో ఆరు కేంద్రాల్లో, ఐదేళ్ళ లోపు ఆపరేషన్ జరిగిన 188 మంది పిల్లలను మూడేళ్ళు గమనించి జాన్ నిపార్కో బృందం 2010లో ఫలితాలు ప్రకటించింది. చిన్న వయసులో చేసినవాళ్ళు బాగా మాట్లాడారు, అది అనుకున్నదే. తల్లిదండ్రులతో ఆటపాటలు బాగా సాగిన పిల్లల నోటి భాష కూడా వేగంగా పెరిగింది. అదే పిల్లలను ఇంకా కొన్నాళ్ళు చూసి అలెగ్జాండ్రా క్విట్నర్ 2013లో చెప్పింది మరీ ముఖ్యమైనది: బిడ్డ సూచనలను తల్లి ఎంత పసిగట్టి స్పందిస్తుందనే దాని ప్రభావం, ఏ వయసులో ఆపరేషన్ అయిందనే దాని ప్రభావంతో పోల్చదగినంత ఉంది. ఆపరేషన్ తేదీ కోసం ఆస్తులు తాకట్టు పెట్టే కుటుంబాలకు ఈ రెండో సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి థెరపీకి వారానికోసారి విశాఖ రావడం కష్టమని అందరికీ తెలుసు. ఆ మిగిలిన ఆరు రోజులే అసలు థెరపీ అని చెప్పడం ఇంకా కష్టం.

భాష ఏదీ అందకపోతే? పిల్లలు ఊరుకోరు. 1970లలో ఫిలడెల్ఫియాలో సూసన్ గోల్డిన్-మెడో, హైడీ ఫెల్డ్‌మన్, లీలా గ్లైట్‌మన్ అలాంటి పిల్లలను వెతికి చూశారు. వాళ్ళకు నోటి మాట పట్టుబడలేదు, సైగల భాష ఎవరూ చూపించలేదు. అయినా ప్రతి పిల్లా తన సొంత సైగలు కట్టుకుంది. సీసాను చూపించి, తర్వాత మూత తిప్పినట్టు చేస్తుంది, తెరవమని. దేని మీద పని జరగాలో అది ముందు, పని తరవాత. ఈ వరస ఊరికే మారిపోదు. తల్లి సైగల నుంచి నేర్చుకుందేమో అని చూస్తే, తల్లులు మాట్లాడుతూ మధ్యలో ఒక్కో సైగ విసురుతున్నారే తప్ప వాటిలో వాక్యాల కట్టు లేదు. పిల్లల సైగలే తల్లుల సైగల కంటే పద్ధతిగా ఉన్నాయి. 1998లో గోల్డిన్-మెడో, కరోలిన్ మైలాండర్ అమెరికా పిల్లలను తైవాన్ పిల్లలతో పోల్చినప్పుడు, సముద్రాలకు అటూ ఇటూ ఉన్న పిల్లల సైగలు తమ తమ తల్లుల సైగల కంటే ఒకదానికొకటి దగ్గరగా కనిపించాయి.

మన ఊళ్ళలోనూ ఇలాంటి ఇంటి సైగలు ఉన్నాయి. మీసం మెలేసినట్టు చేస్తే తాత, ముక్కు పక్కన వేలు పెడితే ముక్కుపుడక ఉన్న అమ్మమ్మ. భారతీయ సైగల భాషలో మగ, ఆడ సైగలు కూడా మీసం, ముక్కుపుడకల మీద కట్టినవే కావడం ముచ్చటగా ఉంటుంది. అయితే ఇంటి సైగలు ఇంటి గడప దాటవు. పిల్ల రెండు సైగలు కలిపి చెబితే అవతలివైపు నుంచి ఒక్కటే తిరిగి వస్తుంది, అదీ ఎప్పుడో. అలాంటి పిల్లలు ఒక చోట చేరితే ఏమవుతుందో నికరాగువా చూపించింది. 1977 తరవాత మనాగ్వాలో బధిర పిల్లలకు బడి పెడితే, ఇళ్ళ నుంచి తెచ్చుకున్న సైగలన్నీ ఆటస్థలంలో కలిసి కొత్త భాష పుట్టింది. తరవాత చేరిన చిన్నపిల్లల నోట, అంటే చేత, అది పెద్దవాళ్ళ దానికంటే చిక్కగా తయారైంది.

మాట అంటే వస్తువుల పేర్లే అయితే ఇంత ఆందోళన అక్కర్లేదు. వినే పిల్లలు తమతో అన్నవాటి నుంచే కాక తమ ముందు అన్నవాటి నుంచి కూడా ఎంతో నేర్చుకుంటారు. అత్తకు కోపం వచ్చిందని, బాబాయి అబద్ధం చెప్పాడని, పక్కింటి ఆవిడ అనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటని భోజనాల దగ్గర చెవిన పడతాయి. అందరూ పగలబడి నవ్వితే బధిర పిల్ల "ఏంటి?" అని అడుగుతుంది. "ఏం లేదులే, తర్వాత చెబుతా" అంటారు. ఆ తర్వాత రాదు. ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ 1995లో ఒక మామూలు పరీక్ష పెట్టారు: ఒక బొమ్మ తన గోలీని ఒక చోట దాచి వెళుతుంది, అది లేనప్పుడు ఇంకొకరు వేరే చోటికి మారుస్తారు, తిరిగి వచ్చిన బొమ్మ ఎక్కడ వెతుకుతుంది? నాలుగైదేళ్ళ వినే పిల్లలు మొదట దాచిన చోటే అని చెబుతారు. వినే ఇళ్ళలో పెరిగిన బధిర పిల్లలు ఎనిమిదేళ్ళు దాటినా చాలామంది చెప్పలేకపోయారు. ఇదే పరీక్షలో బధిరుల ఇళ్ళ పిల్లలు వెనకబడరని తరవాతి అధ్యయనాలు చూపించాయి. వినే ఇళ్ళలోని బధిర పిల్లలు చెప్పలేకపోయింది తెలివి తక్కువై కాదు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో మాట్లాడుకోవడం వాళ్ళకు అందలేదు.

ఇక సైగలా, నోటి మాటా అనే పాత తగవు. 1880లో మిలాన్‌లో జరిగిన సభ బడుల నుంచి సైగలను వెళ్ళగొట్టమని తీర్మానించింది. విలియం స్టోకీ 1960లో అమెరికన్ సైగల భాష వ్యాకరణం ఉన్న పూర్తి భాషేనని చూపించినా, "సైగలు నేర్పితే నోరు తిరగదు" అనే సలహా నేటికీ వినిపిస్తుంది. 2017లో ఆన్ గీర్స్ బృందం, సైగలు వాడని ఇళ్ళలోని ఇంప్లాంట్ పిల్లల నోటి భాష మెరుగ్గా ఉందని రాసింది. ఆ తల్లిదండ్రుల సైగలు ఎంత వచ్చీరానివో కొలవలేదని విమర్శకులు జవాబిచ్చారు. బధిర తల్లిదండ్రులకు పుట్టి, ఇంప్లాంట్ పెట్టుకున్న కొద్దిమంది పిల్లలను 2014లో పరీక్షిస్తే, వాళ్ళ ఇంగ్లీషు వినే పిల్లలతో సమానంగా ఉంది. నా మటుకు నాకు ఈ తగవులో గెలుపెవరిదన్నది ముఖ్యం కాదు. నోటి మాట వస్తుందేమోనని ఎదురుచూస్తూ ఏ భాషా లేకుండా గడిపే నెలలకు ఇద్దరిలో ఎవరూ పూచీ పడరు.

మన దగ్గర ఇప్పుడు ఎంచుకోవడానికి కొంత ఉంది. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషకు ప్రత్యేక కేంద్రం వచ్చింది, 2018లో అది 3000 పదాలతో తెచ్చిన వీడియో నిఘంటువు 2021కి 10,000 దాటింది. ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. తక్కువ వాడుకుంటున్న వనరు మాత్రం ఊళ్ళో ఉన్న బధిరులైన పెద్దలే. అమెరికాలోని యూటాలో అలాంటివాళ్ళను పసిపిల్లల ఇళ్ళకు పంపి, కుటుంబంతో కూర్చోబెట్టిన పథకం 1990లలోనే మంచి ఫలితాలు ఇచ్చింది. చూపు కోసం ఎలా ఆగాలో పుస్తకంలో చదివి నేర్చుకోవడం కష్టం. ఆగే మనిషిని గంటసేపు చూస్తే వస్తుంది.

సైగలు చక్కగా రాని తల్లిదండ్రులు నేర్పితే లాభమేమిటని అడిగేవారికి 2021లో కొంత జవాబు దొరికింది. నయోమి కాసెల్లి, జెనీ పైయర్స్, ఎమీ లీబర్మన్ వినే తల్లిదండ్రుల బధిర పిల్లల సైగల పదాలు లెక్కపెట్టారు. ఆరు నెలల లోపు సైగల భాష చూడటం మొదలైన పిల్లలకు, ఇంట్లో ఎవరికీ అది మాతృభాష కాకపోయినా, బధిరుల ఇళ్ళ పిల్లలతో సమానంగా వయసుకు తగ్గ పదసంపద ఉంది. ఆరు నెలల తరవాత మొదలుపెట్టినవాళ్ళు వెనక నుంచి బయలుదేరారు. కొలరాడోలో 23 ఏళ్ళ ముందు, వేరే పిల్లల మీద, వేరే పద్ధతిలో తేలిన గీత కూడా ఆరు నెలల దగ్గరే ఉంది.